బిడ్డ నాలుగు కిలోలట!

స్కానింగ్ కాగితం మీద ఒక అంకె కనపడగానే ఇల్లంతా కంగారు. నార్మల్ అవుతుందా, ఆపరేషనా? ఇక్కడా, పుట్టింట్లోనా? ఉక్కు నగరం భిలాయ్‌లోని తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నకి ఇంకో చిక్కు కూడా ఉంది: రైలు ఎక్కాలా వద్దా అని.

భిలాయ్ సెక్టార్ 6. రెండు గంటలకి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీదా స్కూటర్ల మీదా క్వార్టర్ల వైపు మళ్లే వేళ. ముందుగదిలో టీపాయ్ మీద స్కానింగ్ రిపోర్టు, దాని చుట్టూ నలుగురు. ముప్పై ఏడో వారం, అంచనా బరువు 3,700 గ్రాములు. స్కానింగ్ సెంటర్లో అమ్మాయి కాగితం చేతికిస్తూ నవ్వుతూనే అందట, "బచ్చా బడా హై" అని. ఆ మూడు మాటలూ ఇంటికి వచ్చేసరికి "నాలుగు కిలోలు దాటుతుందట" అయ్యాయి.

"వదినా, పిల్లని నేను తీసుకుపోతాను. రాజాంలో మాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. మంచిరోజు చూసి ఆపరేషన్ చేసేస్తాది" అంటుంది శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లి. "ఇప్పుడు రైలెక్కిస్తారా వదినగారూ? సెక్టార్ 9 ఆసుపత్రి పక్కనుండగా! నా ఇద్దరూ అక్కడే పుట్టారు, పెద్దోడు మూడుమ్ముప్పావు" అంటుంది అత్తగారు. ప్లాంటులో రిటైరైన మామగారు నార్మలే మంచిదంటారు. భర్త ఫోన్‌లో ఏదో వెతుకుతుంటాడు. కడుపుతో ఉన్న పిల్ల తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని అందరివైపూ చూస్తుంటుంది. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

ఈ సన్నివేశంలో పేర్లు లేవు. ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగింది కాదు, చాలా ఇళ్లలో జరిగేదాన్ని కలిపి చెప్పింది. అంకె మారుతుంది, ఊరు మారుతుంది. వాదన మాత్రం ఇదే.

పట్టాలకి రెండు కొసలు

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ కర్మాగారం మొదలైంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి కూలికీ కొలువుకీ వచ్చినవాళ్లు సెక్టార్లలోనూ ఖుర్సీపార్ బస్తీల్లోనూ స్థిరపడ్డారు. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. పిల్లలు హిందీలో పోట్లాడుకుని తెలుగులో అన్నం అడుగుతారు. ఉద్యోగం ఇక్కడే, ఓటు ఇక్కడే. తొలిచూలు కాన్పు మాత్రం చాలామందికి ఇంకా పుట్టింట్లోనే.

పాత రోజుల్లో సమతా ఎక్స్‌ప్రెస్, పాసింజరు రైళ్లే దిక్కు. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ వచ్చాక పొద్దున్నే ఎక్కితే దాదాపు ఎనిమిది గంటల్లో విశాఖలో దిగొచ్చు. కడుపుతో ఉన్న పిల్లకి అది సుఖమే. కాకపోతే ఆ పట్టాలకి ఈ కొసన కాన్పు తీరు ఒకటి, ఆ కొసన ఇంకొకటి.

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో వంద కాన్పుల్లో 15.2 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో అయితే 60.7. దేశం మొత్తానికి సగటు 21.5. అంటే అదే తల్లి, అదే బిడ్డ, రైలెక్కి దిగేసరికి కోత పడే అవకాశం మారిపోతోంది. ఛత్తీస్‌గఢ్ వైద్యం గొప్పదనీ ఆంధ్రా వైద్యం చెడ్డదనీ దీనికి అర్థం కాదు. బస్తర్ లాంటి చోట్ల నిజంగా ఆపరేషన్ కావలసిన తల్లికీ అది అందకపోవడం కూడా ఆ 15లో దాగి ఉంది. పైగా ఛత్తీస్‌గఢ్‌లోనూ ప్రైవేటు ఆసుపత్రుల్ని విడిగా చూస్తే సిజేరియన్లు సగం దాటాయి. ప్రభుత్వాసుపత్రుల్లో పది శాతానికి లోపు. బిడ్డ బరువు కన్నా, తల్లి ఏ గేటులోంచి లోపలికి వెళ్లిందన్నదే ఎక్కువ తేల్చేస్తున్నట్టుంది.

భిలాయ్‌లో ఆ గేట్లు కూడా ఉద్యోగాన్ని బట్టే ఉంటాయి. ప్లాంటు పర్మనెంటు ఉద్యోగి భార్యకీ కోడలికీ ధీమా సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. అదే ప్లాంటులో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడి భార్య సుపేలా ప్రభుత్వాసుపత్రికో, దుర్గ్ జిల్లా ఆసుపత్రికో వెళ్తుంది. లేదా చీర, గాజులు అమ్మైనా సరే ప్రైవేటుకి వెళ్తుంది.

3,700 అంటే ఎంత?

స్కానింగ్ యంత్రం బిడ్డను తూచదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలుస్తారు. ఆ కొలతల్ని హ్యూస్టన్ రేడియాలజిస్టు ఫ్రాంక్ హ్యాడ్‌లాక్ 1980లలో రూపొందించిన సూత్రంలో వేస్తే ఒక బరువు వస్తుంది. అది అంచనా. అటూ ఇటూ పది నుంచి పదిహేను శాతం తేడా మామూలే. బిడ్డ పెద్దదయ్యేకొద్దీ గురి ఇంకా తప్పుతుంది. కాబట్టి టీపాయ్ మీదున్న ఆ 3,700 నిజానికి 3,150 కావచ్చు, 4,250 కూడా కావచ్చు. మొదటిది అయితే ఎవరికీ కంగారు ఉండదు. రెండోదైతే అందరికీ ఉంటుంది. కాగితం మీద మాత్రం ఒకే అంకె పడుతుంది.

అమెరికాలో ఒక జాతీయ సర్వేలో, "బిడ్డ పెద్దదిగా ఉండొచ్చు" అని డాక్టరు చెప్పిన తల్లుల్ని తీసుకుంటే, నిజంగా నాలుగు కిలోలు దాటిన బిడ్డను కన్నది వాళ్లలో అయిదుగురిలో ఒకరే. ఇంకో సంగతి వింటే మన అమ్మమ్మలు సంబరపడతారు. ఇంతకు ముందు కన్న తల్లి "ఈసారి మునుపటికన్నా పెద్దగా ఉందమ్మా" అని వేసే అంచనా యంత్రం అంచనాకి ఏమాత్రం తీసిపోలేదని తేల్చిన అధ్యయనాలున్నాయి.

అసలు "పెద్ద" అంటే ఎంత? పాశ్చాత్య దేశాల్లో నాలుగు కిలోలు, కొన్నిచోట్ల నాలుగున్నర. మన దేశంలో పుట్టే బిడ్డ సగటు బరువు మూడు కిలోలకి లోపే. అయిదడుగులు కూడా లేని తల్లికి మూడుంబావు కిలోల బిడ్డ కూడా పెద్దదే కావచ్చు. మూడుమ్ముప్పావు కిలోల బిడ్డను గంటలో కనేసి టీ అడిగిన తల్లులూ ఉన్నారు. భిలాయ్ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, మితానిన్ అక్కల భయం ఎప్పుడూ రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డల గురించే. టౌన్‌షిప్‌లోనేమో దిగులు ఇటు తిరిగింది.

---

బాక్స్: బరువుల రికార్డులు

భిలాయ్ ఒప్పందం జరిగిన 1955లోనే ఇటలీలోని అవెర్సాలో 10.2 కిలోల మగబిడ్డ పుట్టాడు. గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కిన బరువు అది. అంతకు ముందు 1879లో అమెరికాలోని ఒహాయోలో, ఏడడుగులు దాటిన అన్నా బేట్స్ దాదాపు పది కిలోల బిడ్డను కన్నది. ఆ బిడ్డ ఒక్క రోజు కూడా బతకలేదు. మన దేశంలో 2016లో కర్ణాటకలోని హాసన్‌లో 6.8 కిలోల ఆడపిల్ల సిజేరియన్‌తో పుట్టి వార్తల్లోకి ఎక్కింది.

---

భుజం చిక్కుకుంటే

డాక్టర్ల భయం బరువు గురించి కాదు, భుజం గురించి. తల బయటికి వచ్చేశాక బిడ్డ ముందు భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటుంది. దీన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. అప్పుడు చేతిలో ఉండేవి నిమిషాలే. ఆలస్యమైతే బిడ్డకి ఆక్సిజన్ అందదు. కంగారులో తలను గట్టిగా లాగితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు దెబ్బతిని చెయ్యి వేలాడిపోతుంది. ఈ నరాల దెబ్బ చాలామంది పిల్లల్లో నెలల్లో నయమవుతుంది, కొందరికి జీవితాంతం మిగిలిపోతుంది.

బరువు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరిగే మాట నిజం. అయితే ఇలా చిక్కుకున్న బిడ్డల్లో దాదాపు సగం మంది నాలుగు కిలోలకి లోపువాళ్లే. అంటే పెద్ద బిడ్డలందరికీ ముందే కోత పెట్టినా ఈ ఆపద సగమే తప్పుతుంది. మిగతా సగానికి కావలసింది ఆ గదిలో ఉన్నవాళ్ల చేతి పనితనం.

తల్లి రెండు మోకాళ్లనూ పొట్ట వైపు బాగా మడిచి పట్టుకోవాలి. పొత్తికడుపు కింద, ఎముక పైన నొక్కాలి. అప్పటికీ రాకపోతే లోపలికి చెయ్యి పెట్టి వెనక చేతిని ముందు తియ్యాలి. తల్లిని మోకాళ్ల మీదా చేతుల మీదా వంచడం ఇంకో దారి. అమెరికన్ మంత్రసాని ఇనా మే గాస్కిన్ దీన్ని గ్వాటెమాలాలో తెలుసుకుని ప్రచారంలోకి తెచ్చింది. చేయకూడనిది ఒకటుంది: పొట్ట పైభాగాన్ని అదిమి నెట్టడం. అలా నెడితే భుజం ఇంకా బిగుసుకుంటుంది. మన లేబర్ రూముల్లో పొట్ట మీద నొక్కే అలవాటు ఇంకా పోలేదు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక ఆసుపత్రి తన డాక్టర్లకీ నర్సులకీ బొమ్మల మీద ఈ కసరత్తు నేర్పింది. భుజం చిక్కుకున్న కాన్పుల్లో బిడ్డకి దెబ్బ తగలడం అంతకు ముందు 9.3 శాతం. శిక్షణ తర్వాత 2.3 శాతానికి దిగింది.

పన్నెండు నిమిషాలు

ఈ సంగతులన్నీ తల్లికి చెప్పాలా? "చెప్తే భయపడుతుంది" అనేది ప్రపంచమంతా వినిపించే జవాబు. స్కాట్లండ్‌లో ఈ జవాబు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

నాడిన్ మాంట్‌గోమరీకి షుగరు వ్యాధి. అయిదడుగులకి కాస్త ఎక్కువ ఎత్తు. చదువుకున్న మనిషి, తల్లీ అక్కచెల్లెలూ డాక్టర్లు. బిడ్డ పెద్దదిగా ఉందని విని, తాను కనగలనా అన్న ఆందోళనను డాక్టరు ముందు ఒకటికి రెండుసార్లు వెలిబుచ్చింది. షుగరున్న తల్లులకి భుజం చిక్కుకునే ప్రమాదం 9–10 శాతం ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్తే అందరూ సిజేరియన్ అడుగుతారన్నది డాక్టరు వాదన. స్కానింగ్ అంచనా 3.9 కిలోలు. 1999 అక్టోబరు 1న పుట్టిన బిడ్డ 4.25 కిలోలు. తల వచ్చాక ఒళ్లు రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. బిడ్డకి సెరిబ్రల్ పాల్సీ మిగిలింది, చేతి నరాలు దెబ్బతిన్నాయి.

కింది కోర్టులు డాక్టరు పక్షమే వహించాయి. 2015 మార్చి 11న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పు తిరగరాశారు. ఆ స్థితిలో ఉన్న తల్లి ఏది తెలుసుకోవాలనుకుంటుందో అది చెప్పి తీరాలి, ఆ తర్వాత నిర్ణయం ఆమెదే అన్నారు. పరిహారం 52.5 లక్షల పౌండ్లు.

మన సుప్రీంకోర్టు 2008 జనవరిలోనే సమీరా కోహ్లీ కేసులో రోగి సమ్మతి గురించి వివరంగా చెప్పింది. పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమెను అడగకుండానే గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. ఛత్తీస్‌గఢ్‌కి ఇది కొత్త బాధేమీ కాదు. స్మార్ట్ కార్డు బీమా డబ్బు కోసం అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు 2012లో ఈ రాష్ట్రాన్ని కుదిపేశాయి.

కాన్పు గదుల్లో సమ్మతి అంటే ఇప్పటికీ భర్త చేత సంతకం పెట్టించడమే. సంతకం పెట్టే మనిషి ఆ కాగితంలో ఏముందో చదివితే అదే గొప్ప.

ముందే నొప్పులు తెప్పిస్తే?

బిడ్డ ఇంకా పెరగకముందే మందుతో నొప్పులు తెప్పిస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన సహజమే. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బెల్జియంలలో ఎనిమిది వందల మందికి పైగా తల్లుల మీద జరిగి, 2015లో వెలువడిన పరీక్షలో భుజం చిక్కులూ వాటి వల్ల వచ్చే దెబ్బలూ 6 శాతం నుంచి 2 శాతానికి తగ్గాయి. సిజేరియన్లు పెరగలేదు. 2025లో బ్రిటన్ నుంచి ఇంకా పెద్దది వచ్చింది: షుగరు లేని 2,893 మంది తల్లులతో "బిగ్ బేబీ" అధ్యయనం. ముప్పై ఎనిమిదో వారంలో నొప్పులు తెప్పించినవాళ్లలో భుజం చిక్కుకున్నది 2.3 శాతం, మామూలుగా చూసుకున్నవాళ్లలో 3.1. గణాంకాల లెక్కలో ఆ తేడాని ఖాయంగా చెప్పలేం. కానీ కేటాయించిన పద్ధతిని కచ్చితంగా పాటించినవాళ్లను మాత్రమే చూస్తే 2.3కి 3.7. అంటే లాభం ఉండొచ్చు, కొండంత కాదు.

నేరుగా సిజేరియన్ సంగతి? అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పే గీత షుగరు లేని తల్లికి అయిదు కిలోలు, షుగరుంటే నాలుగున్నర. కేవలం బరువు అంచనా చూసి కోత గురించి మాట్లాడాల్సింది ఆ గీత దాటాకే. 1996లో అక్కడి పరిశోధకులు ఒక లెక్క కట్టారు. నాలుగున్నర కిలోల అంచనా ఉన్న తల్లులకి ముందే సిజేరియన్ చేస్తూ పోతే, ఒక్క బిడ్డకి శాశ్వత నరాల దెబ్బ తప్పించడానికి షుగరు లేని తల్లుల్లో 3,695 ఆపరేషన్లు కావాలి. షుగరున్నవాళ్లలో 443 చాలు. టీపాయ్ మీది 3,700కి ఆ గీత చాలా దూరం. పొట్టి మనిషికీ షుగరున్న మనిషికీ డాక్టరు వేరే లెక్క వెయ్యొచ్చు. ఆ లెక్క ఏమిటో తల్లికి చెప్పాలి, అంతే.

కోత ఖరీదు బిల్లుతో అయిపోదు. ఇంకో బిడ్డ కావాలనుకునే తల్లికి అది మరీ ముఖ్యం. మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం ప్రతి కోతతోనూ పెరుగుతుంది. అమెరికాలో 2006 నాటి అధ్యయనంలో, మాయ కిందికి దిగి ఉన్న తల్లుల్లో ఇది మొదటి సిజేరియన్ నాడు 3 శాతం, రెండోసారి 11, మూడోసారి 40. ఒకసారి సిజేరియన్ అయితే మళ్లీ సిజేరియనే అన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. తగిన ఆసుపత్రిలో ప్రయత్నించినవాళ్లలో వందకి 60 నుంచి 80 మంది మామూలుగా కంటారు. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం రెండువందల మందిలో ఒకరికి. అది చిన్నదేమీ కాదు కాబట్టే వెంటనే ఆపరేషన్ చేయగల చోటు కావాలి.

హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి మామూలు కాన్పుల దారిలో చాలా దూరం వచ్చింది. అక్కడి డాక్టర్ ఇవిటా ఫెర్నాండెజ్ చొరవతో నర్సులకి మిడ్‌వైఫరీ నేర్పి, 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వంతో కలిసి కరీంనగర్‌లోనూ శిక్షణ మొదలుపెట్టారు. సిజేరియన్లు 60.7 శాతం ఉన్న రాష్ట్రంలోనే ఇదీ జరుగుతోంది.

చక్కెర సంగతి

బిడ్డ ఎందుకు పెరుగుతుందంటే కారణాలు చాలా. తల్లీతండ్రుల ఒళ్లు, తల్లి బరువు, నెలలు దాటిపోవడం, ముందు కాన్పులో పెద్ద బిడ్డ. చేతిలో ఉన్న కారణం మాత్రం ఒకటే, షుగరు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకి వెళ్తుంది. తల్లి ఇన్సులిన్ వెళ్లదు. బిడ్డ తన ఇన్సులిన్ తానే తయారుచేసుకుని ఆ చక్కెరను కొవ్వుగా దాచుకుంటుంది. అది ఎక్కువగా పొట్ట చుట్టూ, భుజాల చుట్టూ చేరుతుంది. అందుకే షుగరున్న తల్లి బిడ్డ నాలుగు కిలోలూ, లేని తల్లి బిడ్డ నాలుగు కిలోలూ ఒకటి కావు.

భిలాయ్ తెలుగిళ్లలో కడుపుతో ఉన్న పిల్లకి "ఇద్దరి కోసం తిను" అన్న మాట తప్పదు. ఛత్తీస్‌గఢ్‌ని ధాన్ కా కటోరా అంటారు, అన్నానికి కొదవ లేదు. పుట్టింటి నుంచి సున్నుండలు డబ్బాలకొద్దీ వస్తాయి. ప్రేమగా పెట్టేదాన్ని వద్దనడం ఆ పిల్లకి ఎంత కష్టమో డైట్ చార్టులో ఉండదు. పట్టించుకుంటే ఫలితం మాత్రం కళ్లకి కనపడుతుంది. ఆస్ట్రేలియాలో 2005లో వెలువడిన పరీక్షలో, గర్భంలో వచ్చే షుగరుకి వైద్యం చేసినవాళ్లలో నాలుగు కిలోలు దాటిన బిడ్డలు 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గారు.

---

బాక్స్: గ్లూకోజు నీళ్ల పరీక్ష

చెన్నై వైద్యుడు వి. శేషయ్య బృందం మన దేశానికి తగినట్టు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. జాతీయ మార్గదర్శకాల్లోనూ ఉంది. పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి. రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో వచ్చే షుగరుగా లెక్క. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడొకసారి, 24–28 వారాల మధ్య ఇంకోసారి.

---

ఫైలు ఎవరి దగ్గరుంది?

పుట్టింటికి వెళ్లే ఆనవాయితీలో తప్పేమీ లేదు. బాలింతకి తల్లి చేతి అన్నం, నిద్ర దొరికే చోటు ఇంకోటి లేదు. చిక్కల్లా డాక్టరు మారడంలో ఉంది. ఏడు నెలలు చూసినవాళ్లు భిలాయ్‌లో ఉండిపోతారు. అక్కడ కొత్త డాక్టరుకి ఈ తల్లి చక్కెర లెక్కలు తెలియవు, నెలనెలా బిడ్డ ఎలా పెరుగుతూ వచ్చిందో తెలియదు. ముప్పై ఏడో వారంలో కొత్త స్కానింగ్, అందులో ఒక అంకె. చేతిలో ఇంకేమీ లేనప్పుడు ఆ డాక్టరు జాగ్రత్తపడి కత్తి వైపే మొగ్గుతుంది. ఆమెనీ తప్పుపట్టలేం. బిడ్డకి ఏమైనా అయితే ఆసుపత్రి అద్దాలు పగిలే రోజులివి.

కాబట్టి వెళ్లేదేదో ఏడో నెలలోనే వెళ్లాలి. గ్లూకోజు పరీక్ష ఫలితం, స్కానింగ్‌లన్నీ, పాత కాన్పు వివరాలు ఒకే ఫైల్లో ఉండాలి. ముప్పై ఏడు వారాలు నిండాక "పెద్ద బిడ్డ" అన్న కంగారులో రైలెక్కడం మాత్రం పని కాదు. దారి మధ్యలో రాయగడ దగ్గర నొప్పులొస్తే వందే భారత్ ఏం చేయగలదు? ఎక్కడ కన్నా, డాక్టరును అడగాల్సింది బిడ్డ బరువు గురించి ఒక్కటే కాదు. రాత్రి రెండింటికి మత్తు డాక్టరు దొరుకుతారా, రక్తం దొరుకుతుందా, పిల్లల డాక్టరు ఉంటారా, భుజం చిక్కుకుంటే ఎలా తీయాలో లేబర్ రూము సిబ్బంది సాధన చేశారా? ఇవి అడిగితే కొందరు విసుక్కుంటారు. జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

కాన్పు అయ్యాక అందరూ ముందు తూకం అడుగుతారు, ఫోన్లలో ఆ అంకే తిరుగుతుంది. షుగరున్న తల్లి బిడ్డకి మొదటి గంటల్లో చక్కెర పడిపోవచ్చు. మడమలో చుక్క రక్తం తీసి చూడాలి, వెంటనే పాలు పట్టాలి. ఇది చాలాచోట్ల జరుగుతోంది. జరగనిది తల్లి పరీక్ష. కాన్పైన ఆరు వారాలకి ఆమె మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగి రక్తం ఇవ్వాలి. గర్భంలో షుగరు వచ్చిన తల్లికి తర్వాత అసలు షుగరు వ్యాధి వచ్చే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఏడు రెట్లని 2009లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. ఆ ఆరో వారానికి ఆమె రాజాంలో బాలింతగానో, చంకలో బిడ్డతో భిలాయ్ బయల్దేరడానికి సామాను సర్దుకుంటూనో ఉంటుంది. అక్కడి డాక్టరు భిలాయ్‌లో చేయించుకోమంటుంది, ఇక్కడి డాక్టరు అక్కడే అయిపోయిందనుకుంటుంది.